మామ్మ ఫోనులో తవుడు

నా చిన్నప్పుడు మా మామ్మకు ఒక శత్రువు ఉండేది. ఆవిడ మా మేనత్తకు అత్తగారు, అత్తిలిలో ఉండేది. పెళ్ళిలో తప్ప మామ్మ ఆవిడను చూసిందే లేదు. అయినా ఆరు వారాల పాటు తిట్టని రోజు లేదు. ఆవిడ చేసిన నేరమల్లా, మామ్మ తీర్పు ప్రకారం, మా మేనత్తను ఫోనులో నోరు విప్పి మాట్లాడనివ్వకపోవడం.

అప్పుడప్పుడే సెల్ ఫోన్లు మా కొల్లేటి ఊళ్ళకు వస్తున్నాయి. మా ఇంటికంతటికీ మీటలు నొక్కే ఫోను ఒక్కటే. చేపల చెరువు గట్టు మీద, మేత షెడ్డు దగ్గర తప్ప సిగ్నల్ అందేది కాదు. అందుకని ఫోను ఎప్పుడూ తవుడు బస్తాల మీదే పడి ఉండేది. నాన్న చేతులకు పొద్దస్తమానం చేపల మేత అంటి ఉండేది కాబట్టి స్పీకర్ నొక్కి, ఫోను ముట్టుకోకుండా మాట్లాడేవారు. మామ్మ మాత్రం స్పీకర్ పెట్టనిచ్చేది కాదు. ఇంటి సంగతులు పనివాళ్ళు వినకూడదట. ఫోను చెవికి అదిమి పెట్టుకునేది.

మేనత్త ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోను చేసేది. పెళ్ళయిన కొత్తలో ఆమె మాట బాగానే వినపడేది. తర్వాత వారం వారం సన్నబడుతూ వచ్చి చివరకు గొణుగుడుగా మిగిలింది. నాన్న సౌండు పూర్తిగా పెంచారు, బ్యాటరీ తీసి మళ్ళీ వేశారు, మామ్మను గట్టు చివరిదాకా నడిపించారు. ఏమీ మారలేదు. "నాకు అందరి మాటా బాగానే వినపడుతోందమ్మా" అన్నారు చివరకు. ఆ మాటతో కొంప మునిగింది. అందరి గొంతూ వినపడి తన కూతురి గొంతు ఒక్కటే వినపడలేదంటే, పక్కన అత్తగారు కాపలా నిలబడి ఉందన్నమాటే అని మామ్మ తేల్చేసింది.

అప్పటి నుంచి ఆదివారాలు ఆవిడ మాట్లాడింది కూతురితో కాదు, కనపడని ఆ వియ్యపురాలితో. ఆ తిట్లు నేనిక్కడ రాయలేను. ఏ పనివాళ్ళు వినకూడదనుకుందో వాళ్ళే తవుడు గంపలు దించి మరీ వినేవారు. ఒక రోజు మామ్మ, కూతుర్ని ఇంటికి తెచ్చేసుకుంటానని, ఇంక ఆ కాపురం వద్దని చీర మార్చుకుంది. అడ్డుపడే ధైర్యం నాన్నకు లేదు. వేసవి సెలవులు కావడంతో నన్ను వెంట తీసుకెళ్ళింది.

గూడెం బస్టాండులో దిగి అత్తిలి బస్సు కోసం కూర్చున్నాం. వెంట తెచ్చుకున్న మా ఇంటి ఫోనుతోనే అక్కడి నుంచి మామ్మ మేనత్తకు ఫోను చేసింది. "గట్టిగా మాట్లాడవేం? మీ అత్తగారు పక్కనే నిలబడి ఉందా? బట్టలు సర్దుకో. వచ్చేస్తున్నాను. ఆవిడ అడ్డం వస్తే సంగతి నేను చూస్తాను." బస్టాండంతా మావైపు తిరిగింది. పక్కనే సెల్ ఫోన్లు బాగుచేసే సాయిబుగారి కొట్టు. ఆయన లేచి వచ్చి, "మామ్మగారండీ, ఒకసారి ఆ ఫోను ఇలా ఇస్తారా అండీ?" అని అడిగారు.

"మా ఇంటి గొడవ మీకెందుకండీ?" అని మామ్మ మొహం తిప్పుకుంది.

ఆయన వాదించలేదు. నన్ను పిలిచి మా నంబరు అడిగారు. నాకది నోటికి వచ్చు. తన ఫోనులో ఆ నంబరు కొట్టి నా చేతిలో పెట్టి, దూరంగా టీ బడ్డీ వెనక్కి వెళ్ళి ఏదో ఒకటి గట్టిగా చెప్పమన్నారు. నాకేం తోచక పదమూడో ఎక్కం అందుకున్నాను. పదమూడు మూళ్ళు అన్నానో లేదో మామ్మ గొంతు నా చెవిలో పడింది. "ఎవరే నువ్వు? గట్టిగా మాట్లాడి ఏడవ్వే. ఎవరే నీ పక్కన?"

పుట్టి బుద్ధెరిగాక మామ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ కేక నా తలలోకి సూటిగా దిగింది. ఎక్కం మరిచిపోయి ఏడుపు మొదలుపెట్టాను. మామ్మ ఇంకా అరుస్తూనే ఉంది. ఆరు ఆదివారాలుగా మేనత్త వింటున్నది ఇదేనని అప్పుడు నాకు తెలిసింది.

కళ్ళు తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి సాయిబుగారు నెమ్మదిగా అడుగుతున్నారు. "మీ మనవరాలి పక్కన ఏ అత్తగారు నిలబడి ఉన్నారండీ?"

మామ్మ ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని విప్పి, చెవి దగ్గర ఉండే సన్నటి జాలీని పాత పళ్ళ బ్రష్షుతో తెల్లకాగితం మీద దులిపారు. చిటికెడు తవుడు రాలింది. నాన్న ఎప్పుడూ స్పీకర్ నొక్కే మాట్లాడతారని నేను చెప్తే, స్పీకర్ చిల్లు వేరే కావడం వల్ల మీ అబ్బాయిగారికి తెలియలేదండీ అన్నారు. మామ్మ ఆయనకు ఒక మంచి మాటైనా చెప్పకుండా మళ్ళీ అత్తిలికి ఫోను చేసింది.

ఈసారి మేనత్త మాట పక్కనున్న నాకు కూడా వినపడింది. "అమ్మా, నువ్వు రావద్దు. మా అత్తగారు ఇన్నాళ్ళూ నన్నొక్క మాట అనలేదు. అన్నదంతా నువ్వే. ఈ ఇంట్లో నన్ను తల ఎత్తుకోనివ్వకుండా చేశావు."

ఫోను పాడైందే, నాకేం వినపడలేదే అని మామ్మ ఒక్క మాట అంటే సరిపోయేది. నేను ఆవిడ నోటి వంకే చూస్తున్నాను. ఆవిడ "సరే" అని ఫోను పెట్టేసింది. అత్తిలి బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. మేం తిరిగి ఇంటికి ఏలూరు బస్సెక్కాం. మేనత్త నాలుగేళ్ళు మా గడప తొక్కలేదు. పురుడు కూడా అత్తగారే పోశారు.

మామ్మ పోయిన చాలా కాలానికి ఆ తవుడు సంగతి మేనత్తకు చెప్పింది నేనే. ఆమె "ఆ రోజే చెప్పి ఉంటే నా పురిటికి మా అమ్మ ఉండేది కదే" అంది. ఆ రోజు ఫోను మామ్మ చేతిలో ఉంటే, నోరు నాకూ ఉంది. మామ్మకు భయపడి మూసుకున్నాను. ఇప్పుడు తప్పు నాదని తెలిసిన మరుక్షణం, ఎదుటివాళ్ళు ఫోను పెట్టేయకముందే చెప్పేస్తాను. అంత తొందరేమిటని మా ఇంట్లో నవ్వుతారు.