కంబదూరు క్వారీలో ఐదు మీటర్ల లోతున

కంబదూరు దగ్గర మా అక్క గొర్రెలు తోలుకుపోయే దారిలో పాత రాళ్ళ క్వారీ ఒకటి ఉంది. రాయి తీయడం మానేశాక, మంచి వానలు పడ్డ ఏడాది అది నిండింది. నేనూ నా భర్తా అండమాన్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాం. మళ్ళీ సముద్రానికి వెళ్ళేలోపు సాధన చేద్దామని బెంగళూరు నుంచి సిలిండర్లు కారులో వేసుకుని ఆ క్వారీకే వచ్చాం. ఒడ్డున తోడుగా అక్క ఉంది.

దిగే ముందు ఆయన అన్నీ సరిచూశారు. ఎంత లోతుకు పోవాలి, అడుగున ఎంతసేపు ఉండాలి, వచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఎలా ఆగాలి. లోతులో మనం పీల్చే గాలిలోని నత్రజని ఒంట్లో కరిగి ఉంటుంది. గబుక్కున పైకి వస్తే అది బుడగలై కీళ్ళలోనో వెన్నులోనో చేరి మనిషిని పడేస్తుంది. మాది సముద్రం కన్నా ఎత్తైన నేల కాబట్టి, మణికట్టుకు కట్టుకునే డైవ్ కంప్యూటర్‌ను కూడా దానికి తగ్గట్టు మార్చారు.

ఇవేవీ అక్కకు చెప్పలేదు. తాడు ఒక కొస బండకు కట్టి, రెండో కొసకు రాయి కట్టి నీళ్ళలోకి వదిలాం. "ఇది పట్టుకుని దిగి, ఇది పట్టుకునే వస్తామక్కా" అన్నానంతే.

అడుగున ఎప్పుడో వదిలేసిన ఇనుప తాడు నా కాలికి తొడిగిన ఈత రెక్క, ఫిన్, పట్టీని పట్టేసింది. లాగేకొద్దీ బురద లేచింది. నా చెయ్యి నాకే కనిపించలేదు. మడమ దగ్గర ఆయన వేళ్ళు తడుముతున్నాయని మాత్రం తెలుస్తోంది. విడిపించేసరికి అనుకున్న సమయం దాటిపోయింది. మామూలుగా అయితే ఐదు మీటర్ల దగ్గర ఆగడం జాగ్రత్త కోసం. ఇప్పుడు ఆగి తీరాలని కంప్యూటర్ చెబుతోంది, అదీ మూడు నిమిషాలు చాలవని.

ఐదు మీటర్ల దగ్గర తాడు పట్టుకుని వేలాడాం. తలపైనే వెలుతురు. రెండుసార్లు కాళ్ళు ఆడిస్తే గాలి, ఎండ, అక్క. అయినా పోకూడదు. సిలిండర్‌లో గాలి తగ్గుతుంటే మీటరు ముల్లునే చూస్తూ ఉండిపోయాను. అరవడానికి కూడా లేదు.

అప్పుడు తాడు కదిలింది. మా బుడగలు ఒకేచోట లేస్తుండటం చూసి, మేం ఇరుక్కుపోయామని అక్క పైకి లాగుతోంది. తాడుతోపాటు నేనూ లేచిపోతున్నాను. ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే తాడు నుంచి విడదీశారు. ఉన్న ఒక్క ఆధారమూ పైకి పోయింది. నా డైవింగ్ జాకెట్ పట్టీని గట్టిగా పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, నెమ్మదిగా ఊపిరి పీల్చమని చేత్తో సైగ చేశారు. మాస్కులో ఏడుస్తూనే పీల్చాను. కంప్యూటర్ పొమ్మనేదాకా అలాగే ఉన్నాం.

పైకి వచ్చేసరికి అక్క మెడలోతు నీళ్ళలో, బండ అంచును పట్టుకుని వణుకుతోంది. ఆమెకు ఈత రాదు.

"యాడికి పోయినారే? రాయి కట్టిన తాడు ఒట్టిదే వచ్చె! సచ్చిపోయినారనుకుంటి!"

"ఆగాల్సి వచ్చింది వదినా" అన్నారాయన.

"ఆడ ఏముండాదని ఆగినారప్పా? ఒక్క మాట ముందే చెప్పింటే నేనీడ గమ్మున కూచునేదాన్ని కదా!"

ఆయన చెయ్యి పట్టి అక్కను ఒడ్డుకు ఎక్కించారు. ఒడ్డు మీదే కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అక్క విని, నా చేతులు తీసుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది. "తిమ్మిరి ఉండాదా?"

లేదు. అయినా ఆ సాయంత్రం బయల్దేరలేకపోయాం. బెంగళూరు ఇంకా ఎత్తులో ఉంది, అలా ఆగాల్సి వచ్చిన రోజే ఎత్తుకు ఎక్కితే ఒంట్లో మిగిలిన నత్రజని బుడగలు కట్టొచ్చన్నారాయన. అక్క ఇంట్లో తలుపు తీసే ఉన్నా ఎక్కడికీ పోలేని ఆ రాత్రి, మోకాలు చిన్నగా పీకినా ఉలిక్కిపడి లేచాను. అక్క నిద్రపోకుండా నా పక్కనే కూర్చుంది. తెల్లారాక ఇద్దరికీ ఏమీ కాలేదని తేలింది. వేడివేడిగా రాగి సంగటి పెట్టి పంపించింది.