పాతర మూతి దగ్గర పలికిన మా ఓబులమ్మత్త

నిన్న పొద్దున పూజలో ఉండగా ఫోన్ మోగింది. తీయలేదు. మళ్ళీ మోగింది.

కడప నుంచి సుజాత. మా మేనత్త కూతురు.

"వదినా, అమ్మ పోయింది" అనింది.

పళ్ళెంలో కర్పూరం ఆరిపోయేదాకా అట్లే నిలబడిపోయినాను.

మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో చూసినా. స్ట్రోక్ వచ్చినప్పటి నుంచి మాట లేదు. కళ్ళతోనే నవ్వింది. ఇంకొన్నాళ్ళు ఉంటుందనుకున్నా.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మన పిల్లలకు ఓబులమ్మత్త అంటే పాటలు పాడే ముసలామె, అంతే. ఆ గొంతు ఎట్ల వచ్చిందో వాళ్ళకు తెలీదు. మీకూ సగమే తెలుసు. అత్త వాళ్ళమ్మ, మన జేజి నాకు చెప్పింది. పెద్దదాన్ని కాబట్టి నేను చెప్పాల.

నేను పుట్టకముందు మాట. 1950ల మొదట్లో.

కోయిలకుంట్ల దగ్గర మన ఊర్లో అప్పుడు జొన్నలు పాతరలో దాచేవాళ్ళు. నేలలో బావి లాగా తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మట్టి మెత్తేది.

తీసేటప్పుడు లోపల చెడుగాలి ఉంటుంది. బండ తీసి ఒక పూట వదిలేస్తారు. తర్వాత దీపం దించి చూస్తారు. అది ఆరకపోతేనే మనిషి దిగేది.

దిగినోడు పాడుతూనే ఉండాల. పైన ఒకరు బదులు పాడాల. కింద పాట ఆగితే పైనోళ్ళు కేక వేసి మనుషుల్ని పిలవాల.

మన ఇంట్లో పాట ఇది.

కింద నుంచి: "చీకటింట ఉండాను, పలికేదెవరు?"

పై నుంచి: "పలికేది నేనేలే, పైకి రా సామీ."

అత్త వాళ్ళ నాయన, మన జేజినాయన దిగితే పైన బదులు పాడేది ఓబులమ్మత్తే. చిన్నపిల్ల. గొంతు గంట మాదిరి ఉండేదంట.

జేజినాయనకు ఒక అలవాటు. ఉన్నట్టుండి పాట ఆపేసేవాడు. ఈ పిల్ల భయపడి "నాయనా, నాయనా" అని ఏడుపు మొదలుపెడితే కింద పకపకా నవ్వేవాడు.

ఆ రోజు కూడా పాట ఆగింది.

అత్త అనుకుంది, ఈసారి నేను మోసపోను, నాయనే ముందు పలకాల అని. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ కూర్చుంది.

అవతల బండి దగ్గరున్న మనుషులు గోతాలు తెచ్చేసరికి ఇంకా అట్లే కూర్చునే ఉంది.

జేజినాయనను పైకి తీసినారు. ప్రాణం లేదు.

ఆ చెయ్యి తీసినాక అత్త నోట్లోంచి మాట రాలేదు. అహోబిలం తీసుకపోయినారు. దర్గాలో తాయెత్తు కట్టించినారు. రాలేదు. పాతర ఆ పిల్ల గొంతు తీసుకుందని ఊరంతా అనింది.

మధ్యాహ్నాలు అత్త ఆ బండ మీద చెవి ఆనించి పడుకునేదంట. రెప్ప వేయకుండా.

జొన్నలు లోపలుండగానే ఆ పాతర మూసింది మూసినట్లే ఉండిపోయింది. తర్వాత కరువొచ్చింది. ఇంట్లో గింజ లేదు. జేజి తెరిపించాలనుకుంది. "మనిషిని మింగిన పాతర, మేం రాము" అన్నారు ఇరుగుపొరుగు.

మా నాయన అప్పటికి మీసం రాని పిల్లోడు. నేలలో దిగ్గొట్టిన గూటానికి తాడు కట్టుకుని ఒక్కడే దిగినాడు. పైన జేజి, మాటలేని అత్త. లాగే బలమున్నోళ్ళు ఎవరూ లేరు.

దీపం ఆరలేదు. నాయన పాట ఎత్తుకున్నాడు. జేజి రెండు మాట్లు పలికింది. మూడోసారి జేజినాయన గుర్తొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది.

కింద నుంచి "పలికేదెవరు?"

పైన ఎవరూ పలకలేదు.

మళ్ళీ అడిగినాడు. ఈసారి మత్తుగా, నిద్రలో మాట్లాడినట్లు.

అప్పుడు అత్త బోర్లా పడుకుని పాతరలోకి తల వంచింది.

"పలికేది నేనేలే, పైకి రా సామీ."

బొంగురు గొంతు. ఆపకుండా పాడింది, నాయన తాడు పట్టుకుని ఎగబాకి బయట పడేదాకా.

జేజి ఏమీ ఏడవలేదంట. "పలికినావా తల్లీ. ఇంగ యాడా ఆపగాకు" అనింది.

నాయన నాకు ఒక్కసారే చెప్పినాడు. "కాళ్ళు సచ్చుబడినాయి పాపా. కూచ్చుంటే శానా బాగుండు అనిపించె. కూచ్చుంటే లేసేటోణ్ణి కాదు. అప్పుడు పాట ఇనపడె. రెండు గొంతులు ఉండాయి. ఒకటి పైనుంచి, చెల్లెలిది. ఇంకోటి నా చెవి పక్కనే."

ఎవరిదని నేను అడగలేదు.

ఆ తర్వాత ఊర్లో ఎవరు పాతర తెరిచినా అత్తను పిలిచేవాళ్ళు. మాట కూడా మెల్లగా పాట వెంటే వచ్చింది. పాతర మూతి దగ్గర ఆమె ఉండగా మళ్ళీ ఎవరికీ ఏమీ కాలేదు.

నా చిన్నప్పుడు గోడౌన్లు వచ్చి పాతరలు పూడ్చేసినారు. అయినా మిట్టమధ్యాహ్నం అత్త మన పాతర ఉండిన చోట కూర్చుని పాడేది. తన చరణమే. మధ్యలో ఒక చరణం పట్టేంతసేపు ఆపేది.

"ఎందుకత్తా అంత ఖాళీ వదుల్తావు?" అని అడిగినా.

"అడిగేటోళ్ళు అడగొద్దా పిల్లా?" అనింది. జొన్నరొట్టె తుంచి నా చేతిలో పెట్టింది.

మొదటి చరణం మాత్రం అత్త ఎన్నడూ పాడలేదు. అది వాళ్ళ నాయనది అనేది.

నిన్న సుజాత ఇంకో మాట చెప్పింది.

"పొద్దున అమ్మ పాడింది వదినా. ఇన్ని నెలల మీద. చీకటింట ఉండాను, పలికేదెవరు అని. నీళ్ళేమో అనుకుని గ్లాసు పట్టినా. వద్దనింది. తల ఒక పక్కకు వంచి ఇనింది. నవ్వింది. అంతే."

గదిలో వాళ్ళిద్దరే ఉన్నారంట. టీవీ కూడా లేదు.

పోయి రా అత్తా. ఈసారి జేజినాయన నవ్వులాటకు ఆపలేదు, పలికినాడు.

నువ్వు పోయే దోవలో నరసింహస్వామి దీపం పట్టుకుని ముందు నడవాల. అది ఆరకూడదని, నీ మనసు చల్లబడాలని, ఈ రోజు పూజలో అదొక్కటే అడిగినాను.