సొంత కరెంటు

టైపక్క మొండిఘటం. పై అధికారికి ఎదురు చెప్పిందని ఉద్యోగం ఊడగొడితే, ఒక పాత దుకాణాల భవనంలో మెట్ల కింద టేబులు అద్దెకు తీసుకుని ఊరందరి అర్జీలూ టైపు చేయడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఆమెకు బెదురన్నది లేదు.

ఇప్పుడు యజమానికి భవనం ఖాళీ కావాలి. నీళ్లు ఆపించాడు. దుకాణాల వాళ్లందరి తరఫున ఫిర్యాదు ఆ సాయంత్రం మున్సిపల్ ఆఫీసు మూసేలోగా అందకపోతే అందరూ సామాన్లు సర్దుకోవలసిందే, టైపక్కతో సహా. అది తెలిసే యజమాని మేనేజరు పొద్దున్నే వచ్చి ఆమె ప్లగ్గుకు కరెంటు తీయించాడు. ఆమె ముసలి లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిందని అతనికి తెలుసు.

టైపక్కకు చీమ కుట్టినట్టయినా లేదు. సంచిలోంచి ఇటుకంత పవర్ బ్యాంకు తీసింది. ఆ లాప్‌టాప్‌కు సరిపడేది, పిన్ను సరిగ్గా దూరే తీగతో సహా, ముందే వెతికి కొనిపెట్టుకుంది. తర్వాత లాప్‌టాప్ అడుగునున్న చచ్చిన బ్యాటరీని ఊడదీసి పక్కన పడేసింది.

"అదెందుకమ్మా తీశావు?" అన్నాడు పక్క దుకాణం దర్జీ.

"ఉంటే వచ్చే కరెంటంతా ముందు ఇదే మింగుతుంది బాబాయ్. పని చెయ్యనిదాన్ని కూర్చోబెట్టి మేపడానికి ఇదేమన్నా మా మరిదా?"

చిక్కల్లా ఒక్కటే. ఇప్పుడు తీగ ఊడితే తెర నల్లబడుతుంది. అందుకని వాక్యానికోసారి సేవ్ నొక్కుతూ టైపు చేసింది.

మధ్యాహ్నం మేనేజరు మళ్లీ దిగాడు. వెలుగుతున్న తెర చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఎవర్నడిగి పెట్టావిది?"

"నా కరెంటు నేను తెచ్చుకున్నా. దానికీ మిమ్మల్నే అడగాలా?"

మేనేజరు వంగి పిన్ను పీకేశాడు. తెర ఆరిపోయింది. "ఇప్పుడు కొట్టు టైపు," అన్నాడు.

టైపక్కకు ఒళ్లు మండిపోయింది. పిన్ను మళ్లీ గుచ్చింది. లాప్‌టాప్ మూలుగుతూ లేచింది. రాసినదంతా చెక్కు చెదరకుండా ఉంది.

"మీ పూర్తి పేరు చెప్పండి సార్."

"ఎందుకు?"

"నీళ్లు ఆపారని రాశాను, కరెంటు తీశారని రాశాను. ఇదీ రాస్తున్నాను. సాక్షి కావాలి బాబాయ్, సంతకం పెడతావా?"

దర్జీ మేనేజరు వైపు చూశాడు. అద్దె పెంచినా, నీళ్లు ఆపినా ఇన్నాళ్లూ తల దించుకునే నిలబడ్డాడు.

"పెడతాను," అన్నాడు. "పేరు నేను చెప్తా, రాసుకో."