మూడు కాగితాలు, ఒక్క గురువారం

ఎఫ్రాయిన్ తిపాన్ కోర్టు నోటీసులు అందించే గుమాస్తా. ఇంట్లో మనిషి లేకపోతే, మూడు వేర్వేరు రోజుల్లో మూడు నోటీసులు తలుపుకు అంటించాలి. కొండమీది ఊళ్లకు బస్సు వారానికి ఒక్కసారే. గురువారం పొద్దున్నే జనాన్ని సంతకు దింపి, ఖాళీగా తిరిగి వెళ్లే ఆ బస్సులోనే ఎఫ్రాయిన్ పైకెళ్లేవాడు. మూడూ ఒకేసారి అంటించి, మూడు తేదీలు వేసేవాడు.

ఒక సోమవారం ఎర్మెలిందా అనే ముసలామె ఎఫ్రాయిన్ కూర్చున్న కోర్టు కిటికీ దగ్గరికి వచ్చింది. విచారణకు రాలేదని ఆమె చేను, దావా వేసిన మరిదికి రాసేశారు.

“మీవాళ్లొచ్చేది బస్సు రోజేగా. గురువారం అందరం సంతలోనే, మా ఊళ్లో కుక్క కూడా ఉండదయ్యా. కాగితాలు గాలికెగిరి పోయుంటాయి,” అంటూ అతని ముఖం చూసి ఆగింది. “నువ్వా! ఆ రోజుల్లోనే సంతలో, బస్సెక్కే ముందు, నా చేతి బంగాళాదుంప అట్లు రెండుసార్లు పెట్టించుకున్నావు. పచ్చడి ఇంకాస్త వెయ్యమన్నావు. ఒక్క మాట చెప్పలేకపోయావా నాయనా?”

“నీ పేరు తెలియదమ్మా,” అని గొణిగాడు.

“అడిగితే చెప్పేదాన్నిగా.”

అతను ఆమె వైపు చూడలేకపోయాడు. తేదీలు అబద్ధమని తనే రాసిస్తే కేసు మళ్లీ మొదలవుతుంది, తన ఉద్యోగం పోతుంది.

తెల్లకాగితం తీసి, మార్చి నెల పన్నెండో తేదీ గురువారం నాడే మూడు నోటీసులూ అంటించానని రాశాడు. సంతకం చేశాడు. అతని సర్వీసు అప్పటికి పదహారేళ్లు.