రాహుకాలంలో సగంలో ఆపిన పని

పదకొండు చీరలు తప్పు అంచుతో నేశారు. వాటికి పట్టిన పట్టు, జరీ పోయాయనుకున్నాం. మూడు పెళ్లిళ్లవాళ్లు ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. నాగర్‌కర్నూల్ దుకాణానికి ఏళ్లుగా వచ్చే రెండు కుటుంబాలు మళ్లీ గడప తొక్కలేదు.

మా సేటు మూడు దుకాణాల్లో తీసుకునే ఆర్డర్లను నేతగాళ్లకు చేర్చే సాఫ్ట్‌వేర్‌ను నేను చూసేదాన్ని. లెక్కలు రాయడానికి చేరి, అది సొంతంగా నేర్చుకున్నాను. గద్వాలలో ఒక సర్వర్, వనపర్తిలో ఇంకొకటి. మొదటిది ఆగితే రెండోది దానంతటదే పని అందుకుంటుంది. అందుకే ఏ మార్పైనా రెండింటికీ వరసగా, మధ్యలో ఆపకుండా ఎక్కించాలి.

ఆ శుక్రవారం అంచు రంగుల జాబితాలో కొత్త రంగు చేర్చాం. దాంతో నంబర్లు మారాయి. గద్వాలలో ఎక్కించగానే దుకాణాల్లో కొత్త నంబర్లు కనబడ్డాయి. వనపర్తికి నొక్కబోతుంటే సేటు అడ్డొచ్చాడు.

"ఆగమ్మా. పదిన్నరయింది, రాహుకాలం. అది పన్నెండు దాటినంక పెట్టు."

"సగంల ఆపొద్దు సేటూ. ఇప్పుడిక్కడ కరెంటు పోతే వనపర్తిల పాతదే అందుకుంటది."

"కరెంటు ఎందుకు పోతది? నువ్వేమన్న లైన్‌మన్‌వా?"

దుకాణంలో అందరూ నవ్వారు.

పదకొండూ పదికి గద్వాలలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ పాడై నెలయింది. కొనమని మూడుసార్లు రాసిచ్చాను. వనపర్తి సర్వర్ వెంటనే పని అందుకుంది. కొత్త నంబర్లకు పాత రంగులు అంటగట్టి పదకొండు చీటీలు మగ్గాలకు పంపింది. కరెంటు వచ్చాక ఆ చీటీలు నేను సరిచూడాల్సింది, చూడలేదు. నా తప్పు నేను అందరిముందూ ఒప్పుకున్నాను. సేటు నోట ఆ మాట రాలేదు.

చీరలు తెచ్చిన నేతగత్తె ముందు ఒకదాన్ని విసిరేశాడు. "రంగు కనబడదా నీకు?"

"చీటీల ఏముంటే గదే నేసినం సేటూ. మా సొంతంగ నేసినమా?"

"గా చీటీనే కట్టుకో పో. కూలి లేదు."

చీటీ నా యంత్రం నుంచి వచ్చిందని, యంత్రాన్ని సగంలో ఆపింది మీరేనని అన్నాను. "జీతం ఎవరిస్తుండు నీకు?" అన్నాడు. ఆ నెలాఖరుకే పని మానేశాను.

తర్వాత వాటిలో నాలుగు చీరలు అసలు ధరకే అమ్ముడుపోయాయి. ఆ నాలుగింటికే కూలి ఇచ్చాడు. మిగతా ఏడు బీరువాలో ఉన్నాయి. ఒక్కో చీరకు ఇద్దరు ఆరేసి రోజులు మగ్గం మీద కూర్చున్నారు. ఆ ఇళ్లకు ఇప్పటికీ రావాల్సింది ఎనభై నాలుగు దినాల కూలి.