దర్శకుడి పేరు మీద తెల్లకాగితం

నేను రిటైరు కావడానికి ముందు ఏడాది వేసవిలో కర్నూలులో ఒక సినిమా హాలుకు మేనేజరుగా ఉన్నాను. ఏ సినిమా ఉంచాలో, ఏది తీసేయాలో నిర్ణయించేది హాలు లీజుదారూ, డిస్ట్రిబ్యూటరూ. మేనేజరుది మూడో మాట. కానీ జనం మొహాలు రోజూ చూసేది మేనేజరే.

ఒక శుక్రవారం దర్శకుడు ఓబులేసు సినిమా వచ్చింది. ఆయనది కమలాపురం. అంతవరకు తీసినవన్నీ కొడవళ్లు, బాంబుల కథలే. సీడెడ్‌లో, అంటే మా వ్యాపార భాషలో రాయలసీమలో, ఆయన పేరు చూస్తే చాలు, మొదటి రోజు హాలు నిండిపోతుంది. ఈసారి మాత్రం నవ్వించే ప్రేమకథ తీశాడు. భార్య పోయిన రాజంపేట దర్జీ ఒకడు, కూతురికి జడ వేయడం నేర్చుకుందామని బ్యూటీ పార్లరుకు పోయి, అది నడిపే ఆమెనే ఇష్టపడతాడు. ఆపరేటరు గదిలో నిలబడి చూస్తూ నేను కడుపుబ్బ నవ్వాను, ఒకచోట కళ్లు కూడా తుడుచుకున్నాను.

హాల్లో మాత్రం ఒకటే అరుపులు. ఇంటర్వెల్లో ఒకాయన నా గది ముందు ఆగి, "ఏమప్పా మేనేజరూ, సగం సినిమా అయిపాయ, ఒక్క సుమో గూడా గాల్లోకి లేయలేదే!" అన్నాడు. ఆదివారానికి కుర్చీలు ఖాళీ అయ్యాయి. డిస్ట్రిబ్యూటరు తరఫున హాల్లో ఉండి వసూళ్లు చూసుకునే మనిషిని రెప్రజెంటేటివ్ అంటారు. మా రెప్రజెంటేటివ్ బాషా, వచ్చే శుక్రవారం దీన్ని తీసేస్తున్నామని చెప్పేశాడు. కర్నూలులో తీసేస్తే మిగతా ఊళ్లూ తీసేస్తాయి. ఇక ఓబులేసుకు ఇలాంటి సినిమా మళ్లీ ఎవరూ ఇవ్వరు. బాగున్న సినిమాను చేతులారా చంపడానికి నాకు మనసొప్పలేదు.

సోమవారం మ్యాట్నీకి ముందు ఒక తల్లీ కూతురూ పోస్టరు దగ్గర ఆగి, చదివి, వెనక్కి తిరిగారు. వెంటపడి ఎందుకు వెళ్లిపోతున్నారని అడిగాను. "ఆయప్ప సినిమానా? వద్దు సామీ. తలకాయలు తెగేది చూసి పాప దడుచుకుంటాది" అంది ఆ తల్లి. అప్పుడు పోస్టరును సరిగ్గా చూశాను. హీరో చేతిలో ఉన్నది దువ్వెనే, చూపు మాత్రం నరకబోయేవాడి చూపు. పైన ఎర్రటి పెద్ద అక్షరాల్లో ఓబులేసు పేరు. రావలసినవాళ్లను గేటు బయటే ఆపేస్తున్నది ఆ పేరే.

పోస్టరు మీద దర్శకుడి పేరు ఎంత సైజులో ఉండాలో ఒప్పందంలో రాసుకుంటారు. దాన్ని ముట్టుకునే అధికారం మేనేజరుకు లేదు. అందుకే కడపలో ఉన్న ఓబులేసుకు ఫోను చేసి రమ్మన్నాను. మర్నాడే వచ్చాడు. మీ పేరు కప్పేయాలి సార్ అన్నాను. బాషా వెనకనుంచి నా చొక్కా లాగాడు. ఓబులేసు పోస్టరు మీది తన పేరును చేత్తో తడిమి, "ఈ సైజు అక్షరాల కోసం ఎన్నేండ్లు తిరిగినానో తెలుసునా నీకు?" అన్నాడు. తెలుసన్నాను. అయినా కప్పాల్సిందేనన్నాను. చివరికి, "జిగురు యాడుండాది?" అని అడిగి, కాగితం తానే అంటించాడు.

కొడవళ్ల కోసం వచ్చి అరిచేవాళ్లు ఎక్కువగా రాత్రి ఆటకే వస్తారు గనుక, లీజుదారుతో వాదించి సెకండ్ షో మాన్పించాను. ఆటోకు మైకు కట్టించి, ఇందులో ఒక్క కొడవలి కూడా లేదు, పిల్లల్ని పిలుచుకొని రండని ఊరంతా చెప్పించాను. గురువారం మ్యాట్నీ ఆడవాళ్లతో, పిల్లలతో నిండింది. సినిమాను ఉంచమని బాషాయే డిస్ట్రిబ్యూటరుకు ఫోను చేశాడు.

ఆ ఆటకు ఓబులేసు వెనక వరసలో కూర్చున్నాడు. తెర మీద పేర్లు పడుతున్నప్పుడు, పిల్లల్ని సర్దుకునే హడావుడిలో ఎవరూ తలెత్తలేదు. ఆట వదిలాక ఒకామె ఆయన పక్కనుంచే పోతూ, "ఎవురో కొత్త పిల్లోడు తీసినట్టుండాడు. శానా బాగుండాది" అని తోడొచ్చినామెతో అంది. ఓబులేసు నవ్వాడు.

కొన్ని ఊళ్లు మమ్మల్ని చూసి సినిమాను ఉంచాయి, చాలా ఊళ్లు తీసేశాయి. వ్యాపారంలో అది ఫ్లాపుగానే మిగిలింది. నిర్మాతలు ఓబులేసును మళ్లీ కొడవళ్ల కథలకే పిలిచారు. నేను నేర్చుకున్నది ఇది: సినిమా బాగా తీయడం దర్శకుడి పని, అది ఎవరికోసం తీశారో వాళ్ల చెవిన వేయడం హాలు పని. ఆ రెండో పని చేయకుండా సినిమా ఆడలేదని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.