అక్కకు చెప్పిన మబ్బులు

మొన్న మా అమ్మాయి జనగామకు వచ్చినప్పుడు నా ఫోను చేతిలోకి తీసుకుంది. జాగా నిండిపోయిందట. ఏమేం తీసేయవచ్చో చూస్తూ చూస్తూ విసుగు పుట్టినట్టుంది. "బాపూ, గీ మబ్బులన్ని తీసెయ్యరాదు? అన్ని ఒక్క తీరుగనే ఉన్నయ్" అంది. ఒక్క తీరుగా ఎక్కడున్నాయి? ఒకటి కురవి దాటాక తీసింది, ఏకిన దూదిని ఎర్రనీళ్లలో ముంచినట్టుంటుంది. ఇంకొకటి భూపాలపల్లి బొగ్గుగనుల వైపుది, కింద నలుపు, అంచున నిప్పు. కన్నకూతురితో మబ్బుల గురించి కొట్లాడితే బాగుండదు. ఫోను మాత్రం లాక్కున్నాను.

నాది పురుగుమందుల కంపెనీ ఉద్యోగం. వానాకాలం వచ్చిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల దుకాణాలన్నీ మోటారుసైకిల్ మీద తిరగాలి. మా ఆవిడ పోయాక ఇంటికి తొందరగా చేరాల్సిన పని లేకపోయింది. సాయంత్రం వాన వెలిసి పడమట మబ్బులు రంగులు మారుతుంటే, బండి పక్కకు ఆపి ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టేవాడిని. ఒకసారి గంగారంలో చాయ్ హోటల్ ఆయన నన్ను చూసి "ఏందన్నా, మబ్బుకు గూడ మందు కొడ్తవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వేవాళ్లున్నా నయమే, లాడ్జి గదిలో అదీ ఉండదు.

స్టేటస్ ఒక రోజు ఉండి మాయమవుతుంది. ఎవరెవరు చూశారో మనకు పేర్లు కనిపిస్తాయి. నా మబ్బులను ఎక్కువగా మందుల దుకాణాల వాళ్లు మొహమాటానికి చూసేవారు. వాళ్ల మధ్య ఒక పేరు ఉండేది: అక్క. తొర్రూరులో ఉండే మా అక్క నాతో మాట మానేసి అప్పటికే ఏళ్లయింది. తన కొడుక్కు మా అమ్మాయిని అడిగింది. అమ్మాయి వద్దంది, నేను బయటి సంబంధం చేశాను. అక్క పెళ్లికి రాలేదు. మా ఆవిడ పోయినప్పుడు మాత్రం వచ్చి, శవం మీద పడి గుండెలు బాదుకొని ఏడ్చింది, నా ముఖం చూడకుండానే బస్సెక్కింది. మొండితనంలో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు. అటువంటి మనిషి నా మబ్బులను ఒక్కటీ వదలకుండా చూసేది. ఆ పేరు కనబడేదాకా నాకు అన్నం సహించేది కాదు. నిజం చెప్పాలంటే ఆ ఫోటోలు నేను అక్క కోసమే తీసేవాడిని.

ఒక ఏడు గంగారం అడవి మీద ఒక సాయంత్రం పట్టింది చూడండి, అంత మంచి మబ్బు నాకు మళ్లీ దొరకలేదు. సంబరంగా పెట్టాను. అక్క చూడలేదు. మర్నాడు పెట్టిందీ చూడలేదు. మూడోనాడు మధ్యాహ్నం దాటాక మహబూబాబాద్‌లో ఆర్డర్ రాసుకుంటున్నానన్న మాటే గానీ ప్రాణమంతా ఫోను మీదే ఉంది. నా నంబరు తీసేసిందా? మనిషికే ఏమైనా అయిందా? ఫోను చేసి అడిగే ధైర్యం లేదు. ఆర్డర్ సగంలో వదిలేసి తొర్రూరు బాట పట్టాను.

తలుపు తీసింది అక్క కోడలు. "రా మామా" అని గొంతు తగ్గించి, "అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. ఫోను ముట్టద్దన్నరు దవాఖానల" అంది. లోపల అక్క నల్లద్దాలు పెట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది. నా దగ్గు వినగానే గుర్తుపట్టినట్టుంది, చీర కొంగు సర్దుకుంది. పొమ్మంటుందేమోనని గడప దగ్గరే ఆగాను. ముఖం నా వైపు తిప్పకుండానే అడిగింది.

"ఇయ్యాల మబ్బు ఎట్లున్నది?"

అన్నేళ్ల తర్వాత మొదటి మాట. కిటికీ దగ్గరికి పోయి బయటకు చూసి "కింద నల్లగున్నది అక్కా. నడుమ ఎర్రగున్నది" అన్నాను.

"ఎరుపంటే? నిప్పు ఎరుపా, కుంకుమ ఎరుపా?"

"కుంకుమ."

"జర మంచిగ చెప్పు. మాటలకు గూడ పిసినారితనమేంది?"

కోడలు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. మసక పడేదాకా నేను చెబుతూనే ఉన్నాను.

ఆనాటి నుంచి, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి నుంచి కోడలి నంబరుకు ఫోను చేసి మబ్బు చెప్పేవాడిని. పెళ్లి మాట అక్క ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మబ్బు లేని రోజు కల్పించి చెబితే "అబద్ధాలకోరు" అని ఇట్టే పట్టేసేది. ఆ తిట్టు వినడానికే ఒకటి రెండుసార్లు కావాలని కల్పించాను.

ఒకనాడు భూపాలపల్లి దాటాక బండి ఆపి ఫోను చేస్తే అక్కే ఎత్తింది. "కండ్లు మంచిగైనయ్. ఇగ చెప్పుడెందుకు? ఫోటో పెట్టు, జూస్త" అని పెట్టేసింది. స్టేటస్ పెట్టాను. కాసేపట్లోనే ఆమె పేరు కనబడింది. చూపు వచ్చింది, సంతోషించాలి. కానీ ఆ రోడ్డు పక్కన ఒక్కణ్నే నిలబడి, ఆ నల్లద్దాలు ఇంకొన్నాళ్లు ఉంటే బాగుండుననుకున్నాను. అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

నువ్వే ఫోను చేయవచ్చు కదా అంటారేమో. ఏం చెప్పాలని చేయను? ఆమె అన్నీ చూస్తూనే ఉంది. ఇప్పటికీ ఒక్క రోజూ తప్పదు. మాట లేని ఏళ్లన్నీ ఎట్లాగో గడిచిపోయాయి, ఇంకా గడుస్తున్నాయి. ఆమె అడుగుతుంటే నేను మబ్బులు చెప్పిన ఆ కొద్ది సాయంత్రాలే, నాలో ఎంతకీ గడిచిపోవడం లేదు.